పంటు లేపే పోటు

మార్చి 5, ఆదివారం

నిన్న పన్నెండుంపావుకి, బళ్ళనీ జనాన్నీ గోదావరి దాటించే మా పంటు మునిగిపోయింది.

ఇది నా తొమ్మిదో తరగతి సోషల్ నోట్సు. ముందు సగంలో ఖండాలు, మహాసముద్రాలు ఉన్నాయి. ఆ ఏడే బడి మానేశాను, వెనక సగం ఖాళీగా మిగిలింది. ఎవరితోనూ అనలేనివి రాసుకోవడానికి ఇంట్లో ఇంకో పుస్తకం దొరకలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. కాకుల్లంక రేవులో బయలుదేరేటప్పుడు పంటు మీద పద్నాలుగు మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల ట్రాక్టరు ఒకటి, జనం ముప్పై ఒక్క మంది. స్టీరింగు దగ్గర సరంగు బుల్లియ్య గారు. వెనక తాళ్ళ దగ్గర నేను. గోదావరి మధ్యకి రాకముందే వెనక భాగం కుంగడం మొదలైంది. బుల్లియ్య గారు ఒక్కసారి తిరిగి చూశారు. పంటుని మళ్ళీ లంక వైపు తిప్పేశారు. అలా తిప్పబట్టే లోతు తక్కువ చోట మునిగాం. ఒడ్డు ఇంకా ఇరవై బారలుందనగా ట్రాక్టరు వెనక్కి జారి నీళ్ళలో పడింది. దాని వెంట పంటు. వేట పడవల వాళ్ళు వచ్చి అందర్నీ ఎక్కించుకున్నారు. ఒక్కరు కూడా పోలేదు. మహాలక్ష్మమ్మ గారి మేక కూడా ఈదుకుంటూ ఒడ్డెక్కింది, ఎక్కగానే ఎవరిదో కొత్తిమీర తినేసింది.

ఇక వెనక ట్యాంకు సంగతి. పంటు తేలేది అడుగున ఉన్న ఖాళీ ట్యాంకుల వల్ల. వాటిలో ఊరిన నీళ్ళు వారానికోసారి తోడాలి. అది నా పని. తోడాక పైన గుండ్రటి ఇనప మూత పెట్టి, ఎనిమిది నట్లు పానాతో బిగించాలి. నిన్న ఆ ట్రిప్పుకి ముందే తోడాను. బుల్లియ్య గారు ఇంజను దగ్గర్నుంచి అరిచారు.

"ఒరే పాలూ, మూత పెట్టేవా?"

"పెట్టేనండీ."

పెట్టాను.


మార్చి 7, మంగళవారం

బుల్లియ్య గారి మీద కేసు రాశారు. నిర్లక్ష్యంగా నడిపి జనం ప్రాణాల మీదికి తెచ్చాడని. లైసెన్సు తీసేసుకున్నారు. పంటు కాంట్రాక్టరు సత్యనారాయణ గారు, తను వద్దంటున్నా సరంగే ట్రాక్టరు ఎక్కించాడని చెప్పారట. రేవులో టీ కొట్టు దగ్గర ఇంకో మాట పుట్టింది. సరంగు తాగి ఉన్నాడని. ఆయన టీలో కూడా పంచదార వేయించుకోని మనిషి.

ముప్పై రెండేళ్ళు పంటు నడిపారు. నాకు తాడు ముడి వెయ్యడం నుంచి గాలి చూడ్డం దాకా నేర్పింది ఆయనే.

పంటు పైకి తేల్చాక ఇంజనీరు గారొచ్చి ఎందుకు మునిగిందో చూసి రాస్తారట. అప్పటిదాకా ఏదీ తేలదు. ఆయన రాసేదాన్ని బట్టే బుల్లియ్య గారు మళ్ళీ సరంగు అవుతారో, జైలుకి వెళ్తారో.

ఎనిమిది నట్లలో ఆరు బిగించినట్టు బాగా గుర్తుంది.


మార్చి 10, శుక్రవారం

గోదావరిలో స్టీరింగు గది పైకప్పు ఒక్కటే కనబడుతోంది. దాని మీద ఒక కాకి రోజంతా కూర్చుంటోంది.


మార్చి 14, మంగళవారం

ఇవాళ ఒకాయన వచ్చారు. జగన్నాథరావు గారు. అరవై దాటి ఉంటాయి, నడుం మాత్రం గడకర్రలా ఉంది. పుట్టింది రామచంద్రపురం. నేవీలో ఇరవై రెండేళ్ళు డైవరుగా చేసి, ఇప్పుడు మునిగిన పడవలు తేల్చే పని పట్టుకుంటున్నారు. సత్యనారాయణ గారే పిలిపించారు.

ఒడ్డున నిలబడి అరగంట నీళ్ళు చూశారు. పంటు వంక కాదు, నీళ్ళ వంక. తర్వాత ఒక వెదురు గడ తెప్పించి ఒడ్డున పాతి, దాని మీద బొగ్గుతో గీతలు పెట్టారు.

"నువ్వెవరబ్బాయ్?"

"పంటు మీద హెల్పర్నండి. విజయ్ పాల్ అంటారండి."

"అయితే నువ్విక్కడ కూర్చుని, గంటగంటకీ నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో రాయి. రాయడం వచ్చా?"

"ఆయ్. తొమ్మిదో తరగతి దాకా వచ్చండి."

నవ్వారు. నీళ్ళు ఎక్కితే పోటు, దిగితే పాటు, అది మా లంకలో మేకలకి కూడా తెలుసు. కానీ పొద్దుటి పోటుకీ సాయంత్రం పోటుకీ జానెడు తేడా ఉంటుందని నాకు ఇవాళే తెలిసింది. ఇరవై ఒక్కేళ్ళుగా ఈ నీళ్ళ పక్కనే ఉన్నాను.

మునిగిన రోజు ఏం జరిగిందని అడిగారు. కుంగడం, తిప్పడం, ట్రాక్టరు జారడం అన్నీ చెప్పాను. మూత గురించి ఆయన అడగలేదు.


మార్చి 16, గురువారం

నేవీలో ఆయన పనిచేసిన ఓడ గురించి అడిగాను. అడిగినందుకు మూడు గంటలు చెప్పారు. అన్నం కూడా మర్చిపోయాం.

అది యుద్ధం చేసే ఓడ కాదట. యుద్ధ ఓడలకి ఏమైనా అయితే వెళ్ళే ఓడ. దాని మీద ఫిరంగుల కంటే పంపులు ఎక్కువ. నా తొడంత లావు లాగుడు తాడు. నడిసముద్రంలో ఒక్కచోటే కదలకుండా నిలబడ్డానికి నాలుగు మూలలా నాలుగు లంగర్లు. ఎక్కడైనా ఓడ తగలబడితే నీళ్ళు కొట్టడానికి వెళ్తుంది, ఇంజను చచ్చిపోతే లాక్కురావడానికి వెళ్తుంది, ఇసుక మీద ఎక్కి కూర్చుంటే దింపడానికి వెళ్తుంది, మునిగితే డైవర్లని దింపుతుంది. లోతుకి వెళ్ళొచ్చిన డైవర్లు గబగబా పైకి వస్తే రక్తంలో గాలి బుడగలు కడతాయట. అందుకని ఓడ మీద ఇనప పీపా లాంటి గదిలో పెట్టి, మెల్లమెల్లగా మామూలు గాలికి అలవాటు చేస్తారట.

"అందులో ఎంతసేపుంటారండి?"

"నేనొకసారి తొమ్మిది గంటలున్నాను. లోపల ఇంకోడు గురక. ఆ తొమ్మిది గంటల్లో సముద్రం కంటే వాడే భయపెట్టాడు."

"మునిగిపోయిన జలాంతర్గామిలో మనుషులు బతికున్నారని పైనుంచి ఎలా తెలుస్తుందండి?"

"బయట్నుంచి సుత్తితో కొడతారు. లోపల్నుంచి కొడితే ఉన్నట్టు."

"కొట్టకపోతే?"

"ఇంకోసారి కొడతారు."

ఒకసారి తుపానుకి పెద్ద సరుకు ఓడ ఇసుక మీదికి ఎక్కేసిందట. వీళ్ళ ఓడ వెళ్ళి తాడు కట్టి, లాగకుండా కూర్చుందట. మూడు రోజులు. అందరూ తిట్టారట. పౌర్ణమి వెళ్ళిన మర్నాడు పెద్ద పోటొచ్చింది. ఒక్క అడుగు నీళ్ళు ఎక్కువ. ఆ అడుగుకే ఓడ లేచింది. అప్పుడు లాగారు.

"మన పంటుని కూడా అంతే. రెండు పక్కలా రెండు ఇసుక బోట్లు పెడతాం. పంటు అడుగు నుంచి ఇనప తాళ్ళు దూర్చి, పాటులో నీళ్ళు బాగా దిగినప్పుడు బోట్లకి బిగించి కట్టేస్తాం. పోటుకి బోట్లు లేస్తాయి. బోట్లతో పంటు లేస్తుంది. లేచినదాన్ని ఒడ్డు వైపు లాగుతాం. ఆనినచోట ఆగి మళ్ళీ బిగిస్తాం."

"మరి మనం ఎత్తేదేంటండి?"

"మనం ఏమీ ఎత్తం. సమయానికి కట్టడమే మన పని."

నాకు ఇవాళ మూత సంగతే గుర్తులేదు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.


మార్చి 17, శుక్రవారం

నాలుగు నట్లు గుర్తున్నాయి. ఆ రోజు ట్రాక్టరువాడు ఒకటే హారన్.


మార్చి 20, సోమవారం

కాకినాడ నుంచి టగ్గు, అదే ఓడల్ని లాగే బోటు, వచ్చింది. అంతర్వేది దగ్గర ఇసుక మేట దాటడానికి నిన్న పోటు కోసం ఆగి వచ్చిందట. ఇనప తాళ్ళు, చైన్ పుల్లీలు, పంపులు, ఇద్దరు డైవర్లు. రేపు అమావాస్య. రేపట్నుంచి నాలుగు రోజులు పెద్ద పోట్లు. రేపు తెల్లారగానే మొదలుపెడదాం అన్నారు జగన్నాథరావు గారు.

సత్యనారాయణ గారు బండి దిగి, చెయ్యి పైకెత్తి నిలబడిపోయారు.

"రేపా? ఏవండీ, రేపు అమావాస్య. అందులోనూ మంగళవారం. బుద్ధున్నవాడెవడైనా రేపు ఇనుము నీళ్ళలో పెడతాడా అండీ?"

"అమావాస్య కాబట్టే పోటు పెద్దదండి."

"పెద్దదైతే నాకేంటి, చిన్నదైతే నాకేంటి? అమావాస్య నాడు మొదలెట్టిన పని ఎక్కడైనా పైకొచ్చిందా?"

"పోనీ బుధవారం?"

"ఉగాది. మా ఇంట్లో మా ఆవిడ నన్ను చంపేస్తుంది."

జగన్నాథరావు గారు గోదావరి వంక చూసి, "దీనికి పంచాంగం ఎవరైనా చదివి వినిపించండి" అన్నారు. సత్యనారాయణ గారికి నవ్వు రాలేదు. నాకు వచ్చింది. ఆ తర్వాత ఊపిరి కూడా తేలిగ్గా ఆడింది. ఎందుకో మరి.


మార్చి 23, గురువారం

మొదలైంది. డైవర్లు అడుగు బురదలోకి నీళ్ళు జోరుగా కొట్టి, పంటు కింద సొరంగంలా చేసి, అందులోంచి తాడు దూర్చాలి. మన బురద సంగతి తెలిసిందే. తవ్వినంతసేపు పట్టదు పూడిపోవడానికి.

నాకు డైవరు నడుం తాడు పట్టుకునే పని ఇచ్చారు. లోపల కళ్ళకి ఏమీ కనబడదట, అంతా చేతులతోనే. పైవాడికి కిందవాడికి మధ్య మాట ఆ తాడే. నేను ఒకసారి లాగితే "బాగున్నావా" అని. అతను ఒకసారి లాగితే "బాగున్నాను" అని. నాలుగు లాగులంటే పైకి.

అయిదు నిమిషాలకోసారి అడగమన్నారు. నేను రెండు నిమిషాలకోసారి అడిగాను. పైకొచ్చాక డైవరు అన్నాడు, "ఒరేయ్, మా అత్తగారు కూడా ఇన్నిసార్లు అడగదు."


మార్చి 24, శుక్రవారం

బుల్లియ్య గారు రోజూ వచ్చి కొబ్బరి దుంగ మీద కూర్చుంటున్నారు. ఎవరూ పలకరించడం లేదు. టీ కొట్టులో ఆయనకి గ్లాసు ఇవ్వడం మానేసి, పేపరు కప్పులో ఇస్తున్నారు. ఆయన దాన్ని తాగకుండా పక్కన పెట్టేస్తున్నారు.

ఇవాళ నన్ను పిలిచారు.

"ఇంజను రూములో ఏదైనా పైపు పగిలుంటాదా అని ఆలోచిస్తన్నాన్రా. నీకేవన్నా సెప్పుడు ఇనపడిందా ఆ రోజు?"

"లేదండి."

"మరెక్కణ్ణించి ఎక్కినియ్యిరా నీళ్ళు? రాత్రంతా పడుకుని పంటు మొత్తం తిరుగుతన్నాను. ముందు నుంచి ఎనక్కి. ఎనక నుంచి ముందుకి. ఎక్కడా దొరకట్లేదు."

నేను తాడు పట్టుకోవాలని చెప్పి వచ్చేశాను. అప్పుడు డైవర్లు అన్నం తింటున్నారు.


మార్చి 26, ఆదివారం

నాలుగు తాళ్ళూ దూర్చేసరికి ఇవాళయింది. పోటు అప్పటికే తగ్గుముఖం. అయినా చూద్దామన్నారు. పంటు ముందు భాగం జానెడు లేచింది. వెనక భాగం బురదలో కూరుకుపోయి రాలేదు. నీళ్ళు ఆగి, వెనక్కి తిరిగాయి. లేచిన జానెడూ మళ్ళీ దిగిపోయింది.

ఆ దిగేటప్పుడు తాళ్ళు ఒక రకంగా మూలిగాయి. అలాంటి చప్పుడు ఎప్పుడూ వినలేదు. ఇంకోసారి వినాలని ఉంది.

డైవర్లని అడిగాను, వెనక వైపు పైభాగం చేతికి తగిలిందా అని. మొలలోతు బురదట. ఏమీ తెలియలేదట.


మార్చి 27, సోమవారం

జగన్నాథరావు గారు క్యాలెండరు తెప్పించారు. "ఏప్రిల్ ఆరు పౌర్ణమి. ఏడో తారీఖు పెద్ద పోటు, శుక్రవారం. తెల్లారేసరికి నీళ్ళు అడుగంటుతాయి, పదకొండు దాటేసరికి నిండుతాయి. చూసుకోండి మీ పంచాంగం."

సత్యనారాయణ గారు చూసుకున్నారు. "దివ్యంగా ఉందండి."

"ఇంక ఎవరికీ ఇబ్బంది లేదు కదా?"

నేను అక్కడే ఉన్నాను. ఏడో తారీఖు గుడ్ ఫ్రైడే. చైన్ పుల్లీలు లాగే పన్నెండు మందీ మా లూథరన్ గుడివాళ్ళే. ఆ రోజు ఒక్కడూ రాడు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటల ఆరాధన, ఒక్కో మాట మీద ఒక్కొక్కరు మాట్లాడతారు. అంతకుముందు కూడా ఎవరూ పనిముట్టు పట్టరు. ఆ రోజు దాటితే మళ్ళీ పెద్ద పోటుకి పదిహేను రోజులు. అప్పటికి పంటు ఇంకా దిగబడుతుంది. అసలు వదిలేసి, ఉన్నదున్నట్టు కోసి అమ్ముకుందామని సత్యనారాయణ గారు అంటున్నారట. కోసేస్తే ఇంజనీరు గారికి చూడ్డానికి ఏమీ ఉండదు.

ఆయన అడిగింది సత్యనారాయణ గారిని. నన్ను కాదు.


మార్చి 30, గురువారం

నన్ను కాదు.


ఏప్రిల్ 2, ఆదివారం

మట్టల ఆదివారం. గుడి అయ్యాక పుల్లీల కుర్రాళ్ళు మాట్లాడుకుంటుంటే అమ్మ విన్నది. ఇంటికొచ్చేదాకా ఆగింది.

"శుక్రవారం పంటు లేపుతారంటగా?"

"ఊఁ."

"గుడ్ ఫ్రైడే అని వాళ్ళకి చెప్పేవా?"

"నన్నెవరూ అడగలేదమ్మా."

అమ్మ చేతిలో మట్ట ఉంది. దాంతోనే కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"అడిగినదానికే చెప్తావా నువ్వు? ఆకలేస్తే అడక్కుండానే చెప్తావు కదా. బుల్లియ్యన్నయ్య గారి ఎదురుగుండా రోజూ ఎలా తిరుగుతున్నావురా?"

ఆ ఆఖరి మాట ఎందుకన్నదో. అమ్మకి ఏమీ తెలియదు. తెలిసే దారి లేదు.


ఏప్రిల్ 3, సోమవారం

అమ్మ రేవుకి వచ్చింది. పేరంటానికి వెళ్ళేటట్టు తయారై వచ్చింది. నేను దాక్కునేలోపే జగన్నాథరావు గారి ముందు నిలబడింది.

"నమస్కారమండి. నా పేరు సువార్తమ్మ. ఈ అబ్బాయి తల్లినండి. శుక్రవారం మా వాళ్ళెవరూ సుత్తి పట్టుకోరండి. మేకు కొట్టరు. మా పెద్దలనాటి నుంచీ అంతేనండి."

జగన్నాథరావు గారు నా వంక చూశారు. నేను వెదురు గడ మీది గీతలు చూశాను.

"అమ్మా, మేం సుత్తి పట్టం. మేకు కొట్టం. తెల్లారకుండా వచ్చి తాళ్ళు బిగించి కట్టేసి, కూర్చుంటాం. ఎత్తేది గోదావరి. దానికి గుడి లేదు కదా?"

అమ్మ ఆలోచించింది. "బిగించడానికి ఏం వాడతారండి?"

"గొలుసు. చేత్తో లాగడమే. చప్పుడు కూడా పెద్దగా రాదు."

"పదకొండున్నరకి వదిలేస్తారా? నాకు ఈసారి అయిదో మాట ఇచ్చారండి. వినేవాళ్ళుండాలి."

"పోటు పదకొండుంపావుకి నిండుతుందమ్మా. తర్వాత నేను పట్టుకున్నా ఆగదు."

"అయితే సరేనండి. పాస్టరు గారితో నేను చెప్తాను." వెళ్ళబోతూ ఆగింది. "మీరూ రండి. కూర్చోడం మీకు అలవాటే కదా."

అమ్మ వెళ్ళాక ఆయన అన్నారు, "మీ అమ్మని మా ఓడ మీదికి తీసుకుని ఉంటే కెప్టెన్‌కి సెలవిచ్చేవాళ్ళం." తర్వాత నవ్వు తీసేసి, "నీకు తెలుసు కదబ్బాయ్, ఆ రోజేంటో" అన్నారు.

"తెలుసండి."

ఎందుకు చెప్పలేదని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.


ఏప్రిల్ 7, శుక్రవారం

లేచింది.

ఆకాశం తెల్లబడేసరికి పన్నెండు మందీ రెండు బోట్ల మీదా ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. గొలుసులు టిక్ టిక్‌మంటూ ఒక్కో పన్ను దిగుతుంటే తాళ్ళు బిగిశాయి. బోట్ల అంచులు నీళ్ళకి అరచెయ్యంత ఎత్తులోకి వచ్చాయి. అప్పుడు కూర్చున్నాం.

కూర్చోవడమే కష్టం. ఎనిమిదింటికి గడ మీద రెండో గీత. తొమ్మిదింటికి నాలుగో గీత. ఏమీ జరగలేదు. నీళ్ళు బోటు అంచు దాకా వచ్చి, మేమే మునుగుతామేమో అనిపించింది. జగన్నాథరావు గారు గడియారం చూడ్డం మానేసి తాడు మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నారు, నాడి చూస్తున్నట్టు. పదీ పదికి అడుగు నుంచి పెద్ద త్రేన్పు లాంటి చప్పుడు. బురద బుడగలు. బోట్లు రెండూ ఒక్కసారి జానెడు పైకి ఎగిరాయి. నేను పడిపోయాను.

"వదిలింది!" అన్నారాయన. "బురద వదిలేసింది!"

స్టీరింగు గది పైకప్పు మీద కాకి లేచిపోయింది. ఆ పైకప్పు కింద గోడ కనబడింది. తర్వాత కిటికీ. ఎవరూ తోయలేదు, ఎవరూ ఎత్తలేదు. అంత ఇనుము పొద్దు ఎక్కినట్టు ఎక్కింది. టగ్గు మెల్లగా లాగింది. ఒడ్డుకి పది బారల దూరంలో అడుగు ఆనింది. అప్పటికి పదకొండుంపావు.

అందరం బురద కాళ్ళతోనే గుడికి పరిగెత్తాం. అమ్మ అయిదో మాట చెబుతున్నప్పుడు నా కళ్ళ ముందు కిటికీ పైకి వస్తూనే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే ఆఖరి బెంచీ మీద జగన్నాథరావు గారు కూర్చుని నిద్రపోతున్నారు.

సాయంత్రం పాటులో మళ్ళీ బిగించి వచ్చాం. రాత్రి పోటుకి డైవర్లు ఇంకోసారి ఒడ్డు వైపు లాగుతారు. రేపు తెల్లారేసరికి పంటు పైభాగం మొత్తం బయటపడుతుంది. పదింటికి ఇంజనీరు గారు వస్తారు.

రెండు బిగించాను. రెండే. రెండు బిగించేసరికి ట్రాక్టరు ఎక్కేసింది, జనం తొందర. మిగతా ఆరు నట్లు వేళ్ళతో రెండు చుట్లు తిప్పి, అవతలి రేవులో బిగిద్దామనుకున్నాను. ఇది మొదటి రోజు నుంచీ తెలుసు.


ఏప్రిల్ 8, శనివారం

ఆరింటికి పంటు మొత్తం బురద పూసుకుని బయట ఉంది. నీళ్ళు మళ్ళీ ఎక్కేలోపు రెండు గంటలే టైము. జగన్నాథరావు గారు పని పంచారు.

"నీళ్ళు లోపలికి వెళ్ళే దారులన్నీ ముయ్యాలి. చిల్లు ఉంటే చెక్క, మూత ఉంటే బిగింపు. అప్పుడే పంపు. విజయ్ పాల్, వెనక ట్యాంకు నీది. నీకు తెలిసిన పంటు."

పానా నా చేతికిచ్చి ముందుకి వెళ్ళిపోయారు.

బురద తోశాను. మూత ఉంది. ఎనిమిది నట్లూ ఉన్నాయి. రెండు కదల్లేదు. ఆరు వేలితో తాకితే తిరిగాయి. మూతకీ అంచుకీ మధ్య నా వేలు పట్టేంత సందు. పంటు బరువుకి వెనక కుంగి నీళ్ళు పైకి పారితే, ఆ సందు చాలు.

నా పని బిగించడం. ఆయన చెప్పిందే అది. ఆరు నట్లు, రెండు నిమిషాలు. ఏ తప్పూ చెయ్యక్కర్లేదు, చెప్పిన పని చేస్తే చాలు. పదింటికి ఇంజనీరు గారు వచ్చి చూసేసరికి ఎనిమిదీ బిగుతుగా ఉంటాయి. నీళ్ళు ఎలా ఎక్కాయో ఎవరికీ దొరకదు. దొరక్కపోతే ట్రాక్టరు ఎక్కించిన సరంగే.

పానా నట్టుకి పెట్టాను కూడా. ఒడ్డున దుంగ మీద బుల్లియ్య గారు లేచి నిలబడి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని పంటుని చూస్తున్నారు. ముందు నుంచి వెనక్కి. ఇంకా వెతుకుతున్నారు.

"అండీ!" అన్నాను. జగన్నాథరావు గారికి వినబడలేదు. ఇంకోసారి అన్నాను.

"ఏంటి, పగిలిందా?"

"లేదండి. బిగించే ముందు మీరు చూడాలండి. ఇది ఆ రోజు బిగించలేదండి. నేనే."

ఆయన వచ్చి గొంతుక్కూర్చున్నారు. ఒక నట్టు చిటికెన వేలితో తిప్పి చూశారు. ఇంకొకటి. నా మొహం చూశారు, తర్వాత నీళ్ళు చూశారు.

"ఫోనుందా?"

"ఉందండి."

"ఎనిమిదీ ఫోటో తియ్యి. దగ్గర్నుంచి, దూరం నుంచి. సందులో వేలు పెట్టి ఒకటి. తీశాక బిగించు. గట్టిగా బిగించు. నీళ్ళు నీ కోసం ఆగవు."

తీశాను. బిగించాను. పానా రెండుసార్లు జారింది. తర్వాత మోకాళ్ళ లోతు బురదలో నడిచి ఒడ్డుకి వెళ్ళి బుల్లియ్య గారికి చెప్పాను. ఇంజనీరు గారి కంటే ముందు చెప్పాలనిపించింది.

 ఆయన మొహం ఎర్రబడుతుందేమో అని చూశాను. తెల్లబడింది.

"ముప్పై అయిదు రోజుల్రా" అన్నారు. "నిడదవోలు నుంచి మా అమ్మాయి లక్ష్మీదుర్గ ఫోన్ సేసి, 'నాన్నా, నువ్వు నిజంగా తాగేవా' అనడిగింది. అదడిగింది, ఇను. నా కూతురు."

"తప్పయిపోయిందండి."

"నేనడిగేను కదరా నిన్ను. ఏదైనా ఇనపడిందా అని అడిగేను కదరా."

గట్టెక్కి వెళ్ళిపోయారు. కొడితే బాగుండేది.

ఇంజనీరు గారు ఫోటోలన్నీ చూశారు. ట్రాక్టరు బరువు కూడా లెక్కలోకి వస్తుందని, ఎక్కించమన్నదెవరో విడిగా తేల్చాలని సత్యనారాయణ గారితో అన్నారు. సత్యనారాయణ గారు కండువాతో మెడ తుడుచుకున్నారు.

పంపులు పట్టాయి. మధ్యాహ్నానికి పంటు అడుగు బురదని వదిలి దానంతటది తేలింది. నేను దాని మీదే ఉన్నాను. కాళ్ళ కింద ఇనుము ఒకసారి అటూ ఇటూ ఊగింది. ఇన్నాళ్ళూ ఎదురుచూసింది దీని కోసమే, సంతోషం వస్తుందనుకున్నాను. రాలేదు. ఎంత నీరు తోడితే ఎంత లేస్తుందో చూస్తూ నిలబడ్డాను. అది మాత్రం బాగుంది.


ఏప్రిల్ 9, ఆదివారం

ఈస్టరు. గుడిలో మగవాళ్ళ వైపు ఆఖరి వరసలో కూర్చున్నాను. నా పక్కన ఎవరూ కూర్చోలేదు. పాట మధ్యలో అమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి లేచి, అందరూ చూస్తుండగా వచ్చి నా పక్కన కూర్చుంది.


ఏప్రిల్ 10, సోమవారం

పదిన్నరకి స్టేషన్‌కి రమ్మన్నారు, స్టేట్‌మెంట్ ఇవ్వడానికి. కేసు ఇప్పుడు నా మీదికి వస్తుందని అందరూ అంటున్నారు. నిజమే అనుకుంటా. అమ్మ వస్తానంటే వద్దన్నాను.

రోడ్డెక్కేసరికి బుల్లియ్య గారు మోపెడ్ ఆపి ఉన్నారు. ఇంజను ఆపలేదు. నా వంక చూడలేదు.

"ఎక్కు."

ఎక్కాను.  ఆయన చొక్కా వీపు చెమటతో తడిసి అంటుకుపోయింది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. మెరక దగ్గర బండి లాగకపోతే దిగి తోశాను, మళ్ళీ ఎక్కాను.

స్టేషన్‌లో రైటరు గారు కాగితం తీసి నా పేరు, వయసు, చదువు రాసుకున్నారు. జరిగింది మొత్తం చెప్పాను. అడిగినవీ చెప్పాను, అడగనివీ చెప్పాను. గుడ్ ఫ్రైడే సంగతి కూడా చెబుతుంటే, "అది అక్కర్లేదులేవయ్యా" అన్నారు.

సంతకం పెట్టాక తల పైకెత్తి, గుమ్మం దగ్గర నిలబడ్డ ఆయన్ని చూశారు.

"నీ మీద కేసు తేలిపోతోంది కదా, ఇంకా నువ్వెందుకొచ్చావయ్యా? ఈ కుర్రాడు నీకేమవుతాడు?"

బుల్లియ్య గారు లోపలికి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు.

"నేను ఈడి సరంగునండి."